మార్లవాయి చూచి వచ్చితిమి

మేము గోదావరిఖనిలోఁ గాపురము పెట్టి పదునాలుగేండ్లైనది. మావారు బడిపంతులు. వాకిటి బొగ్గుదుమ్ము తుడుచుచు, గని సైరనును బట్టి పొయ్యి రాఁజవేయుచుఁ గాలము గడపితినే కాని, గోదావరి కావలనున్న గోండుల మాట యొక్కటియైన నేర్చుకొనలేదు. ఈ కొఱఁత మొన్న మా చెల్లెలి మూలమున నాకుఁ దెలిసివచ్చినది.

అది పట్టపరీక్షయందుఁ గృతార్థురాలై, జర్మనుల భాషయు నాచారములును నేర్చుటకై రెండేండ్లా దేశమున నుండెదనని పట్టుపట్టినది. అమ్మ యన్నము మానినది. నేనును, "ఏమే, పుస్తకములు లేవా? భారతము నేనింటఁ గూర్చుండియే చదువలేదా?" యంటిని. మావారు నవ్వి, "ముందు మీరిద్దఱు మార్లవాయి చూచి రండి" యనిరి.

వంతెన దాఁటి, మంచిర్యాల, లక్సెట్టిపేట, జన్నారములమీఁదుగా నుట్నూరు చేరి, యచ్చటినుండి జైనూరు దగ్గఱనున్న యాయూరికిఁ బోయితిమి. బొగ్గుకుప్పలు వెనుకఁబడి టేకుచెట్లెదురైనవి.

ఆయూర నొక దంపతుల సమాధులున్నవి. హైమండార్ఫను నాతఁడు 1909లో వియన్నాలోఁ బుట్టి, 1931లో డాక్టరు పట్టమంది, 1936లో నాగకొండలకు వచ్చి కోన్యకుల నడుమ నివసించెను. 1939లో భార్య ఎలిజబెత్తుతో మరల భారతదేశమునకు రాఁగా యుద్ధము పుట్టినది. ఆస్ట్రియా యప్పటికి జర్మనీలోఁ గలిసియుండుటచే నాతఁడు శత్రుదేశపు ప్రజ యయ్యెను. హైదరాబాదు రాజ్యము దాఁటరాదని నిర్బంధము. ఆ నిర్బంధమే వారిని గోండుల కడకుఁ జేర్చినది. మార్లవాయిలోఁ గాపురముండి గోండీ నేర్చిరి. 1940లోఁ గొమురము భీముఁడు జోడేఘాటునఁ బ్రాణములర్పించిన మూఁడేండ్లకు, 1943లో, ఈ యూరనే గోండు ఉపాధ్యాయుల శిక్షణశాల వెలసినది. గోండీ వాచకములు నాగరిలిపిలో నచ్చుపడినవి.

నా మనసు మాత్ర మామెమీఁదనే నిలిచినది. పుట్టినిల్లు సముద్రముల కావల; ఇచ్చట నడవి, పరభాష. అయినను 1979లో వెలువడిన గోండుల గ్రంథమున భర్తపేరితోఁ దనపేరును నిలుపుకొన్నది. 1987లో హైదరాబాదునఁ గన్నుమూయఁగా మార్లవాయిలోనే సమాధి చేసిరి. ఆతఁడు 1995లో లండనునఁ బోయెను. చితాభస్మము 2012లో నామె ప్రక్కకుఁ జేరినది. పరదేశమునకుఁ బోయినవా రొంటరులగుదురని యంతవఱకు వాదించిన నాకు నోట మాట రాలేదు.

ఒక గోండు అవ్వ చెంబుతో నీళ్లిచ్చి, "ఏర్" అనినది. చప్పున నాకు మన "ఏఱు" స్ఫురించినది. పద్యములలో నెన్నిమాఱులు చదివితినో! చెల్లెలు, "మరల ననవ్వా" యని యడిగి యామెవలెఁ బలుకఁబోయినది. ముసలామె నవ్వి దిద్దినది. మూఁడవమాఱు సరిపోయినది. పిమ్మట నేనును బలికితిని. నాకుఁ గుదురుటకుఁ జాల సేపు పట్టినది.

తిరుగుదారిని బస్సులో చెల్లెలు పాసుపోర్టు రుసుమెంతయో లెక్కలు వేసికొనుచుండెను. నా చీటిపాట సొమ్ము వచ్చునెల చేతికందునని దానితోఁ జెప్పితిని. అమ్మతో నెట్లు చెప్పవలయునో యింకను దోఁచలేదు.