మోవా నుంచి రేవుదాకా

రాయపూర్‌లో పండ్రీ బట్టల బజారు దాటి బలోదా బజార్ రోడ్డు పట్టుకుంటే మోవా వస్తుంది. ఒకప్పుడు ఊరు, ఇప్పుడు నగరంలో పేట. అక్కడి ఓవర్‌బ్రిడ్జి కింద సాగే పట్టాలు హౌరా–ముంబై లైనువి కావు. రాయపూర్ స్టేషను దాటాక ఆ లైను నుంచి విడిపోయి తూర్పుకు మళ్లిన పట్టాలవి. మోవా, కచనా పక్కనుంచి మందిర్ హసౌద్ మీదుగా మహానది దాటి, ఒడిశా పీఠభూమి అంతా నడిచి, తూర్పు కనుమలు దిగి విజయనగరం చేరతాయి. అక్కడినుంచి విశాఖపట్నం రేవు ఎంతో దూరం లేదు. మొత్తం సుమారు 530 కిలోమీటర్లు. సముద్రం లేని ఛత్తీస్‌గఢ్‌కు తొంభై ఏళ్లుగా సముద్రాన్ని దగ్గర చేస్తున్న దారి ఇదే.

రైలు రాకముందూ ఈ వైపు దారి ఉండేది. లంబాడీ బిడారులు వందల కొద్దీ పెరికెడ్లతో కోస్తా ఉప్పును కొండలెక్కించి ఛత్తీస్‌గఢ్ మైదానానికి తెచ్చేవి, ఇక్కడి ధాన్యాన్ని కిందికి దించేవి. ఉప్పు పండని నేలకూ, కరవు వచ్చినప్పుడు గింజ దొరకని తీరానికీ మధ్య ఆ ఎద్దుల గిట్టలే వంతెన. రైలు వచ్చి ఆ బతుకును తుడిచిపెట్టింది. రైల్వేల చరిత్రలు చదువుతుంటే ఈ సంగతికి ఒక్క పేరా కూడా దక్కకపోవడం నన్ను బాధిస్తుంది.

పట్టాలు వేయించింది ముఖ్యంగా మాంగనీసు. ఉక్కు తయారీకి అది తప్పనిసరి. మన దేశంలో ఆ ఖనిజం తవ్వకం మొదలైంది తెలుగు నేల మీదే, 1892లో, నాటి విశాఖపట్నం జిల్లా కోడూరు గనుల్లో. ఇంకొన్నేళ్లకు మధ్య పరగణాల్లో, నాగపూర్, భండారా, బాలాఘాట్ జిల్లాల్లో, అంతకంటే పెద్ద నిక్షేపాలు బయటపడ్డాయి. అక్కడి సరుకు ఓడ ఎక్కాలంటే బొంబాయికో కలకత్తాకో పోవాలి. మద్రాసుకూ కలకత్తాకూ మధ్య ఓడ గట్టుకు చేరి నిలబడే రేవు లేదు. విశాఖలో ఓడలు దూరాన లంగరేసేవి, పడవలవాళ్లు అలల్లో సరుకు మోసేవారు. బెంగాల్ నాగపూర్ రైల్వేకు ఈ లెక్క మొదటినుంచీ తెలుసు. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1909 నాటికే లైను వేసింది. కాని కొండలు దాటడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 1922లో కల్నల్ కార్ట్‌రైట్ రీడ్ విశాఖలో లోపలి రేవు కట్టవచ్చని నివేదిక ఇచ్చాడు. ఆ తర్వాత రేవు పని మొదలైంది. రాయపూర్–పార్వతీపురం మధ్య పట్టాలు 1931లో కలిశాయి. రేవు అవసరం ముందుకొచ్చింది, ఆ తర్వాతే కొండలు కరిగాయి.

మహానది దాటితే మహాసముంద్, బాగ్‌బహరా. వరి పొలాల మధ్య రైలు తేలిగ్గా సాగిపోతుంది. తర్వాత ఒడిశా. ఖరియార్ రోడ్, హరిశంకర్ రోడ్, రూప్రా రోడ్, లాంజిగఢ్ రోడ్ అంటూ స్టేషన్లు వరుసగా వస్తాయి. ఖరియార్ ఊరు ఖరియార్ రోడ్ స్టేషనుకు ఎంతో దూరం. ఊళ్లను వెతుక్కుంటూ పోయిన దారి కాదిది. గుట్టలెక్కడ తక్కువో, వంతెనల ఖర్చెక్కడ తగ్గుతుందో అక్కడినుంచి పోయింది. స్టేషన్ల దగ్గర బజార్లు, ధాన్యం మిల్లులు పుట్టాయి. చుట్టూ ఉన్న నువాపడా, బలాంగీర్, కలహండి పల్లెలు మాత్రం కరవు పేర్లుగానే దేశానికి తెలిశాయి.

కాంటాబంజీ దగ్గర ఎవరైనా ఆగి తీరాలి. కొత్త పంట తినే నువాఖాయ్ పండుగ అయ్యాక, అక్టోబరు నుంచి, ఆ స్టేషను ప్లాట్‌ఫారం మీద మూటలు, వంటగిన్నెలు, పిల్లలు. కూలీలను కుదిర్చే సర్దార్ చేతినుంచి ముందస్తు సొమ్ము తీసుకున్న కుటుంబాలవి. మొగుడూ పెళ్లాం, పనికి చేయి ఆడే ఒక పిల్లో పిల్లవాడో కలిస్తే ఒక పథురియా. అదే లెక్క, అదే ధర. వాళ్లలో చాలామంది చేరేది పెద్దపల్లి దగ్గరో, హైదరాబాద్ చుట్టుపక్కలో ఉన్న ఇటుక బట్టీలకు. వానలు పడేదాకా అక్కడే. దాదన్ అనే ఈ ముందస్తు సొమ్ము వలసలోని దోపిడీ చూసే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చారు. చట్టం వచ్చింది, ప్లాట్‌ఫారం మీద మూటలు తగ్గలేదు. మన నగరాల అపార్ట్‌మెంట్లలో ఉన్న ఇటుకల్లో ఈ స్టేషను చెమట ఎంతుందో ఎవరూ లెక్క కట్టరు. తెలుగువాళ్లుగా మనం ఈ లెక్క చూడాలి. ఎందుకంటే మన తాతలు కూడా ఇలాగే ఈ పట్టాలెక్కారు, ఎదురు దిశలో.

అది చెప్పాలంటే రంగం, అంటే బర్మాలోని రంగూన్ దాకా పోవాలి. ఉత్తరాంధ్ర పేదలకు వంద సంవత్సరాల కిందట పని అంటే రంగూన్. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలకు పైనే. వాళ్లలో తెలుగు కూలీలు రేవుల్లో బరువులు మోసేవారు, ధాన్యం మిల్లుల్లో పనిచేసేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కార్మికులు సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మీయులను పనిలో పెట్టుకున్నాయి, సమ్మె తీరగానే వాళ్లను తీసేశాయి. కంపెనీలు రాజేసిన ఆ మంట కూలీల మీద పడింది. అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ రంగూన్ మీద బాంబులు వేశాక లక్షలమంది కాలినడకన తిరిగొచ్చారు. ఎన్ని వేలమంది దారిలోనే పోయారో! ఆ తలుపు మూసుకుపోయాక శ్రీకాకుళం, పాలకొండ, బొబ్బిలి ప్రాంతాల వాళ్లు ఉత్తరం వైపు చూశారు. ఖరగ్‌పూర్, తర్వాత భిలాయ్, రాయపూర్. సోవియట్ సాయంతో కట్టిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కట్టుబడి పనులకు, రైల్వే పనులకు వచ్చినవాళ్ల పిల్లలే ఇప్పటి రాయపూర్ తెలుగువాళ్లలో ఎంతోమంది. మోవాకు దగ్గర్లోనే వ్యాగన్ మరమ్మతుల వర్క్‌షాప్, దాని కాలనీ. అందరూ డబ్ల్యూఆర్‌ఎస్ అనే అంటారు. ఖనిజం మోసే వ్యాగన్లకు మరమ్మతు చేసే చేతుల్లో తెలుగు చేతులు ఉండటం నాకు యాదృచ్ఛికంగా కనిపించదు. రేవు తమకు పని చూపించనప్పుడు వాళ్లు రేవుకు వచ్చే దారి మొదలు దాకా నడిచిపోయారు.

టిట్లాగఢ్, కేసింగా దాటితే కొండలు దగ్గరవుతాయి. లాంజిగఢ్ అల్యూమినా కర్మాగారం నియమగిరి బాక్సైటును నమ్ముకుని కట్టింది. 2013లో సుప్రీంకోర్టు చెప్పగా పన్నెండు గ్రామసభలు జరిగాయి, పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. కొండ మిగిలింది. కర్మాగారం ఇతర చోట్ల నుంచి, విదేశాల నుంచి ఖనిజం తెచ్చుకుంటోంది. తేరుబలిలో ఫెర్రో అల్లాయ్‌లు, రాయగడలో కాగితం మిల్లు. రాయగడ బజారులో తెలుగు వినపడగానే దిగువ గాలి తగిలినట్టే ఉంటుంది. ఇక్కడినుంచి నాగావళి తోడుగా పట్టాలు వంపులు తిరిగి పార్వతీపురానికి దిగుతాయి. బొబ్బిలి, గజపతినగరం, విజయనగరం త్వరత్వరగా వచ్చేస్తాయి.

1933 అక్టోబరు 7న విశాఖ రేవులోకి వచ్చిన మొదటి ఓడ జలదుర్గ. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది, అంటే స్వదేశీ పెట్టుబడిది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. ఖర్చు 378 లక్షల రూపాయలు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ముఖద్వారంలో ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపారు. సామ్రాజ్యం తన ఖనిజం కోసం కట్టిన రేవులో, పదిహేనేళ్లు గడవకముందే, 1948 మార్చి 14న నెహ్రూ జలఉష ఓడను నీళ్లలోకి దించారు. అదీ సింధియా కంపెనీ యార్డులో తయారైందే.

ఇప్పుడు సరుకు పైకి కూడా పోతోంది. దిగుమతైన కోకింగ్ బొగ్గు విశాఖ తీరం నుంచి భిలాయ్ కొలుములకు చేరుతుంది. దుర్గ్–విశాఖ వందేభారత్ 2024 సెప్టెంబరులో మొదలైంది. అభన్‌పూర్ నుంచి సబ్బవరం దాకా 464 కిలోమీటర్ల ఆరు వరసల రహదారి వస్తోంది. సరుకు లారీలు ఒక్క పూటలో రేవు చేరతాయని లెక్క. ఆ రహదారి ధమ్‌తరి, కేశ్‌కాల్, నబరంగ్‌పూర్, కోరాపుట్ మీదుగా పోతుంది. కాంటాబంజీ వైపు రాదు. వచ్చే అక్టోబరులో కూడా ఇటుక బట్టీ కుటుంబాలు 1931 నాటి దారిలోనే, జనరల్ బోగీల్లోనే ప్రయాణం చేస్తాయి.