రైతుబిడ్డకు మేధ ఎందుకు పెరగదు?

హైదరాబాద్ కొండాపూర్‌లోని ఒక అపార్ట్‌మెంటు. ఆదివారం సాయంత్రం. బల్ల మీద చెక్కిన పెన్సిళ్లు, చల్లారుతున్న మిర్చిబజ్జీలు, నాలుగు ముఖాల నుంచి ఇరవై ముఖాల దాకా రకరకాల పాచికలు. చుట్టూ అయిదుగురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. వారిలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఆ బృందానికి కొత్త. మంత్రవిద్య తెలిసిన విజార్డ్ పాత్ర తీసుకోవాలని ఆమె కోరిక. నిబంధనల పుస్తకం తిరగేస్తూ ఒకచోట ఆగి, ఆట నడిపించే యువకుణ్ని అడిగింది: "అన్నా, మా బాపు వ్యవసాయం చేస్తడు కదా అని నేపథ్యం దగ్గర రైతు అని రాసుకున్న. దీని ప్రకారం నాకు బలం పెరుగుతదట, తెలివి పెరగదట. గిదేం లెక్క?"

అందరూ నవ్వారు. ప్రశ్న మాత్రం నవ్వి వదిలేయదగ్గది కాదు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరు వినని పాఠకుల కోసం రెండు మాటలు. ఒకరు కథ నడుపుతారు. ఆయన్ను డంజన్ మాస్టర్ అంటారు. తక్కినవారు తలా ఒక పాత్ర ధరించి ఆ కథలో సంచరిస్తారు. కథ మొదలు కాకముందే ప్రతి పాత్రకూ ఆరు శక్తులకు అంకెలు వేయాలి: బలం, చురుకుదనం, దారుఢ్యం, మేధ, వివేకం, ఆకర్షణ. ఆ పాత్ర తలుపు బద్దలు కొట్టగలదా, రాజును ఒప్పించగలదా, మంత్రం గురి తప్పకుండా వేయగలదా అన్నది తర్వాత ఈ అంకెలను బట్టే తేలుతుంది. ఒక చిన్న రాజ్యాంగ రచన అనుకోవచ్చు. పుట్టుకతో ఎవరికి ఏది దక్కాలి, కష్టపడి ఏది సంపాదించుకోవాలి అనే తగవు ఆ కాగితం మీదే మొదలవుతుంది.

గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు 1974లో అమెరికాలో ఈ ఆటను ప్రచురించినప్పుడు పద్ధతి నిర్దాక్షిణ్యంగా ఉండేది. ఒక్కో శక్తికి ఆరు ముఖాల పాచికలు మూడు వేయాలి; వచ్చిన మొత్తం ఆ వరుసలోనే రాసుకోవాలి. సగటు పదిన్నర. పద్దెనిమిది పడే అవకాశం 216లో ఒకటి. విజార్డ్ కావాలని కలలు కన్నవాడికి మేధ దగ్గర ఆరు పడితే ఆ కల అక్కడే కుంటుపడేది. ధర్మవీరుడైన పాలడిన్ కావాలంటే ఆకర్షణ కనీసం 17 ఉండాలన్న నిబంధన ఆ వెంటనే వచ్చింది. మూడు పాచికల లెక్కలో అది 54 సార్లలో ఒకసారి పడుతుంది. ధర్మం చేయడానికి కూడా జన్మతః అర్హత ఉండాలన్నమాట! అయినా ఆ పద్ధతిలో ఒక నిజాయితీ ఉంది. నీ గొప్ప నీది కాదు, పాచికది అని అది దాచకుండా చెబుతుంది. తమ ర్యాంకులన్నీ కేవలం స్వయంకృషి ఫలమని నమ్మేవారు ఒకసారి ఈ పద్ధతిలో ఆడి చూడవచ్చు.

ఆటగాళ్లు ఆ కాఠిన్యాన్ని ఎక్కువ కాలం భరించలేదు. 1979 నాటి మార్గదర్శక గ్రంథం నాలుగు పాచికలు వేసి తక్కువది తీసేసే పద్ధతిని చేర్చింది. వచ్చిన అంకెలను ఇష్టమైన శక్తులకు కేటాయించుకోవచ్చునంది. ఇప్పుడు వాడుకలో ఉన్న పాయింట్ల పద్ధతిలో అదృష్టానికి చోటే లేదు. అందరికీ ఆరు శక్తులూ ఎనిమిది దగ్గర మొదలవుతాయి. అందరికీ 27 పాయింట్లు. పదమూడు దాకా ఒక్కో మెట్టుకు ఒక్కో పాయింటు. ఆపైన పద్నాలుగు, పదిహేను మెట్లకు రెండేసి. ఆదాయం పన్ను శ్లాబుల్లాగే పైకి పోయేకొద్దీ భారం పెరుగుతుంది. మూడు శక్తులను పదిహేనుకు చేర్చితే ఖజానా ఖాళీ, మిగిలిన మూడూ ఎనిమిది దగ్గరే.

అంకెలు వేసే విధానం ఎంత మారినా, వాటి మీద గీసిన గీతలు అంత తేలిగ్గా చెరగలేదు. 1978 నాటి నిబంధనల్లో మానవ స్త్రీ పాత్ర బలానికి పురుషుడికంటే తక్కువ గరిష్ఠ పరిమితి పెట్టారు. డ్రాగన్లు ఎగిరే లోకంలో, వేలికొసల నుంచి నిప్పులు కురిసే లోకంలో, స్త్రీ బలంగా ఉండడమే నమ్మశక్యం కానిదైంది ఆ రచయితలకు! 1989లో వచ్చిన రెండో కూర్పు ఆ పరిమితిని తొలగించింది. ఆటలో మూడో కూర్పు వెలువడిన 2000లోనే శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది.

జాతుల లెక్క ఇంకా వివాదాస్పదమైంది. మూడో కూర్పులో సగం ఓర్క్ రక్తమున్న పాత్రకు బలం రెండు పెరిగేది, మేధ, ఆకర్షణ రెండేసి తగ్గేవి. ఒక జాతి మొత్తం పుట్టుకతోనే మొద్దు, మోటు అని పట్టికలో ముద్రించడం ఎవరి భాషో, ఏ శతాబ్దపు వలస పాలకుల నివేదికల భాషో మనదేశ పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. 2020లో వెలువడిన ఒక అనుబంధ గ్రంథం ఈ జాతి లాభాలను ఇష్టమైన శక్తికి మార్చుకునే వీలు ఇచ్చింది. సంప్రదాయం మంటగలిసిందని గగ్గోలు పెట్టినవారూ ఉన్నారు. 2024 పుస్తకంలో ఆ లాభాన్ని పుట్టుక నుంచి పూర్తిగా విడదీసి, పాత్ర పూర్వజీవితపు నేపథ్యానికి ముడిపెట్టారు.

జగిత్యాల అమ్మాయి వేలు ఆగింది సరిగ్గా అక్కడే. రైతు నేపథ్యానికి పెరగగలిగినవి బలం, దారుఢ్యం, వివేకం. కులీన నేపథ్యానికి బలం, మేధ, ఆకర్షణ. దురుద్దేశం ఉందని అనలేం; మంచి ఉద్దేశంతో చేసిన సంస్కరణే. కానీ రక్తాన్ని తీసేసిన చోట వృత్తి వచ్చి కూర్చుంది. మనిషి చేయవలసిన పనిని అతని సామర్థ్యాన్ని బట్టి కాక తల్లిదండ్రుల స్థితిని బట్టి ముందే ఖాయం చేయడం మీద 1936లోనే 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ ఆక్షేపణ చెప్పారు. ఆ పుస్తకం ఆట రూపకర్తలు చదివి ఉంటే రైతు పట్టికను ఇలా రాసేవారా?

పాత్రను ఎంచుకోవడం మనకు కొత్త కాదు. విరాటుని కొలువుకు వెళ్లేముందు పాండవులు చేసింది అదే. జూదం ఇష్టమైన ధర్మరాజు కంకుభట్టయ్యాడు, తిండిపుష్టి గల భీముడు వంటశాల చేరాడు. మగవారికి వారివారి అభిరుచులే కొలువులయ్యాయి. సైరంధ్రిగా వెళ్లిన ద్రౌపదికి మాత్రం కీచకుడు ఎదురయ్యాడు.

కొండాపూర్ బల్ల దగ్గర, ఆట నడిపించే యువకుడు సర్దుబాటు చెప్పాడు. "పండితుడు అని మార్చేయ్ అమ్మా, మేధ పెరుగుతుంది. లేదా నేనే నీకోసం కొత్త నేపథ్యం తయారుచేస్తా, మాస్టర్‌కు ఆ అధికారం పుస్తకమే ఇచ్చింది." ఆ అధికారం ఉన్నమాట నిజమే. అయితే అడిగినవారికి, అడగగలిగినవారికి మాత్రమే అందే మినహాయింపు అది.

ఆమె కాసేపు ఆలోచించింది. "వద్దన్నా. రైతు అనే ఉండనీ."

27 పాయింట్లలో తొమ్మిది మేధకే ఖర్చు చేసి పదిహేను రాసుకుంది. పక్కనున్న కులీన విజార్డ్ కూడా అంతే ఖర్చు చేశాడు. నేపథ్యం కలిసొచ్చి పదిహేడయ్యాడు. ఇరవై ముఖాల పాచిక మీద ఆ తేడా ఒకే ఒక్క అంకె. మొదటి గుహలో మొదటి రాక్షసుడు ఎదురైనప్పుడు, ఆమె వేసిన మంత్రం ఆ ఒక్క అంకెతోనే గురి తప్పింది. బల్ల చుట్టూ ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆమె పాచికను దోసిట్లోకి తీసుకుని, మళ్లీ తన వంతు ఎప్పుడని అడిగింది.