ఆ నవల, నేనిచ్చిన మాత్ర



ఈసారి ఒక నవలను గురించి వ్రాస్తున్నాను. చివరికి అది కూడా మందు దగ్గరికే వస్తుంది, కొంచెం ఓపిక పట్టండి.

ఆంథొనీ బర్జెస్ 1962లో వెలువరించిన ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ను మా మనుమడు తెచ్చి ఇచ్చాడు. రానున్న కాలంలో జరిగినట్లు కల్పించిన కథ. పదిహేనేళ్ళ అలెక్స్ ముగ్గురు స్నేహితులతో కలిసి రాత్రివేళ కనబడినవారినల్లా హింసిస్తుంటాడు. మొదట్లోనే, గ్రంథాలయం నుంచి పుస్తకాలతో వస్తున్న వృద్ధుణ్ణి పట్టుకొని, పుస్తకాలు చింపి, కట్టుడుపళ్ళు ఊడబెరికి కాలితో తొక్కుతారు. నావీ కట్టుడుపళ్ళే. శవపరీక్షలు ఎన్నో చేసినవాణ్ణి, అయినా హింసను అంత ఉల్లాసంగా చెప్పే ఆ గొంతు భరించలేక రెండు రోజులు పుస్తకం ముట్టలేదు.

ఒక వృద్ధురాలి హత్య కేసులో జైలుకు వెళ్ళిన అలెక్స్‌ను, త్వరగా విడుదల చేస్తామని ఆశపెట్టి వైద్యులు కొత్త చికిత్సకు తీసుకుంటారు. వికారం పుట్టించే సూది వేసి, కుర్చీకి కట్టి, రెప్పలు మూతపడకుండా చేసి హింసాదృశ్యాలు చూపిస్తారు. పక్షం రోజులకు, చెయ్యెత్తాలన్న తలంపు వస్తేనే వాడికి వాంతి వస్తుంది. చిత్రాల వెనుక వినిపించిన బీథోవెన్ సంగీతం విన్నా అంతే. వాడు మనసారా ప్రేమించినది సంగీతాన్నే. ఇదంతా ఊహ కాదు. తాగుడు మాన్పించడానికి అపోమార్ఫిన్ సూదితో వాంతి తెప్పిస్తూ మద్యం పట్టించిన వైద్యులు ఆ రోజుల్లో నిజంగానే ఉన్నారు.

దాచకుండా చెబుతున్నాను. వాడికి కడుపులో తిప్పినప్పుడు నాకు సంతోషమే కలిగింది. తరువాత గ్రంథాలయంలో ముసలివాళ్ళు చుట్టుముట్టి కొడుతుంటే ఎదిరించలేని వాణ్ణి చూసి జాలి వేసింది. ఆ జాలి కలిగినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. అప్పుడు వెనక్కి వెళ్ళి ఒక చోట మళ్ళీ చదివాను: ఆ సూది విటమిన్ వంటిదేనని వైద్యుడు అలెక్స్‌ను నమ్మిస్తాడు.

నేను తాలూకా ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో ఒక ఇల్లాలు వాచిన చెంపతో వచ్చింది. “అయ్యా, తాగుడు మాన్పించే బిళ్ళలున్నాయంట గదా. ఆయనకు తెలీకుండా మజ్జిగలో కలిపి పోస్తాను” అన్నది. ఆ బిళ్ళ పేరు డైసల్ఫిరామ్. అది వేసుకున్నవారు మద్యం త్రాగితే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం శరీరంలో పేరుకుంటుంది. ముఖం ఎర్రబడుతుంది, గుండె దడ, వాంతులు మొదలవుతాయి. రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికీ రావచ్చు. ఆపిన తరువాత కూడా రెండు వారాల వరకు ఈ ప్రమాదం ఉంటుంది. కనుక రోగికి అన్నీ చెప్పి, అతని సమ్మతితోనే ఇవ్వాలి. ఇదంతా నాకు తెలుసు. ఆ చెంప చూసి, తెలిసే వ్రాసి ఇచ్చాను.

నాలుగో రోజు రాత్రి ఆయనను మంచంతో సహా మోసుకువచ్చారు. సెలైన్ ఎక్కించి, తెల్లవార్లూ నాడి చూస్తూ కూర్చున్నాను. బ్రతికాడు. భార్య చెప్పేసినట్లుంది, ఉదయం అడిగాడు: “నాతో ఒక్క మాట చెప్పి ఇవ్వొచ్చు గదా, డాక్టరుగారూ?” నేను కేసుషీటు చూస్తూ నిలబడ్డాను.

నవల చివరి అధ్యాయంలో, అంటే 21వ దానిలో, అలెక్స్ తనంతట తానే హింసపై విసుగు చెంది ఇల్లూ బిడ్డా గురించి ఆలోచిస్తాడు. అమెరికా ప్రచురణలో 1986 దాకా ఈ అధ్యాయం లేదు. 1971లో వచ్చిన కుబ్రిక్ చిత్రంలోనూ లేదు. మా మనుమడికి అది అతికించినట్లుందట. నాకు అదే నచ్చింది.

ఆ మనిషి మానాడా అని అడుగుతారేమో. కొన్ని నెలలు మానాడు. ఆ రోజుల్లోనే ఆ ఇల్లాలు బిడ్డకు టీకా వేయించడానికి వచ్చింది. చెంప మామూలుగా ఉంది. నన్ను చూసి నవ్వింది.