గడియారం వెనుక అంకె

నాన్నగారి చేతిగడియారం వెనుక ‘30 మీటర్లు’ అని చెక్కి ఉండేది. ఋషికొండ తీరంలో నడుములోతు నీళ్ళే కదా అని, దాన్ని పెట్టుకునే అలలలోకి దిగాను. సాయంత్రానికి అద్దం లోపల ఆవిరి కమ్మింది. వారం తిరగకుండా ముల్లు ఆగిపోయింది. నాన్నగారు ఒక్క మాటా అనలేదు. అందుకే ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఆ అంకె లోతుకు అనుమతి కాదని తరువాత తెలిసింది. కొత్త గడియారం నిశ్చలమైన స్థితిలో తట్టుకోవలసిన ఒత్తిడిని సూచించే కొలత అది. పది మీటర్ల నీరు సుమారు ఒక బార్. 30 అంటే చేతులు కడిగేటప్పటి తుంపరలకు, వానచినుకులకు సరి. ఈతకు 100 ఉంటే నిశ్చింత. నీటిని ఆపేది సన్నని రబ్బరు వలయం. ఏళ్ళు గడిచేకొద్దీ అది గట్టిపడి పగులుతుంది. వేడినీళ్ళు, సబ్బు దాని ఆయుష్షును మరింత తగ్గిస్తాయి.

ఈసారి డైవర్ గడియారమే కొనాలనుకున్నాను. ఐఎస్ఓ 6425 ప్రమాణం ప్రకారం అది కనీసం 100 మీటర్లకు తగినదై ఉండాలి. ప్రతి గడియారాన్నీ, చెప్పిన ఒత్తిడికన్నా 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షించాలి. నా సన్నని మణికట్టు మీద 42 మిల్లీమీటర్లవి పళ్ళెంలా కనిపించాయి. వెదకి వెదకి, తయారీ ఆగిపోయిన సీకో ఎస్‌కెఎక్స్ 013 ఒకటి పాతది సంపాదించాను: వెడల్పు సుమారు 38 మిల్లీమీటర్లు, ఒత్తిడి 200 మీటర్లు, మర తిప్పి బిగించే కీ. ముందుగా రబ్బరు వలయాలు మార్పించి, ఒత్తిడి పరీక్ష చేయించాను.

మొన్న నాన్నగారికి చూపించాను. వెనక్కి తిప్పి, కళ్ళజోడు సర్దుకుని అంకె చదివారు.

“బావుందిరా. అయినా సముద్రంలోకి దిగేటప్పుడు తీసి నా చేతికివ్వు,” అన్నారు.