మన ట్రెక్కింగ్... వాళ్ల రోజువారీ దారి

అరకు అనగానే మనకు గుర్తొచ్చేవి అద్దాల రైలు బోగీ, బొర్రా గుహలు, బొంగులో చికెన్. కానీ కిరండూల్ రైల్లో వెళ్తూ కొండల వైపు ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? ఒక సొరంగం దాటి ఇంకో సొరంగంలోకి వెళ్లేలోపు, కొండ నడుముకి దారం కట్టినట్టు సన్నటి కాలిబాటలు కనిపిస్తాయి. వాటి చివర ఊళ్లుంటాయి. మొన్న శీతాకాలంలో అలాంటి ఒక ఊరికి నడిచి వెళ్లాం, ముగ్గురం ఫ్రెండ్స్.

అల్లూరి సీతారామరాజు జిల్లా, అనంతగిరి మండలం. విశాఖలో పొద్దున్నే రైలెక్కి శిమిలిగుడలో దిగాం. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉండే బుల్లి స్టేషన్. ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయట్లేదు. ముప్పై గడపలు, తాగడానికి ఒక్క ఊట. రీల్ చూసి వీకెండ్‌కి వంద మంది ఎక్కితే ఆ ఊట సరిపోదు.

మా గైడు ఆ ఊరి కుర్రాడే. అరకులో డిగ్రీ చదువుతున్నాడు. "అన్నా, ఎండెక్కకముందే గెడ్డ దాటేద్దాం" అంటూ ముందు నడిచాడు. ఉత్తరాంధ్రలో వాగుని గెడ్డ అంటారు. జీపు దిగాక మట్టి రోడ్డు కాసేపు ఉంది. తర్వాత అదీ ఆగిపోయింది. అక్కడి నుంచి రెండున్నర గంటల నడక.

మొదటి గంట కాఫీ తోటల్లో. నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఇక్కడి కాఫీకి నీడే ప్రాణం. 2019లో అరకు లోయ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ కాఫీ ఇదే. ఆడవాళ్లు ఎర్రగా పండిన కాయల్నే ఏరి కోస్తున్నారు. ఒకే కొమ్మకి ఎర్రవీ పచ్చివీ కలిసి ఉంటాయి కాబట్టి అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. సిటీలో కప్పు కాఫీకి మనమిచ్చే డబ్బుల వెనక ఇంత ఓపిక ఉందని అక్కడే తెలిసింది.

తోటలు దాటాక అసలు ఎక్కుడు మొదలైంది. రాళ్లు, వేర్లు, పక్కన లోయ. మేం ఒక బండ మీద కూలబడి రొప్పుతుంటే, నెత్తిన అడ్డాకుల మోపుతో ఒక మామ్మ కిందికి దిగుతోంది. కాళ్లకి చెప్పుల్లేవు. "ఏటి బాబూ, ఇక్కడే కూకుండిపోనారు? ఇంకా సగం కూడా రానేదు" అని నవ్వేసి, ఆగకుండా వెళ్లిపోయింది. ఆ ఆకులు సంతలో అమ్మి, ఉప్పూ నూనే కొనుక్కుని, సాయంత్రానికి మళ్లీ ఇదే కొండ ఎక్కాలి. మా ముగ్గురి బూట్ల ధర గురించి ఆ తర్వాత ఎవరం మాట్లాడలేదు.

ఊరు చేరాక ముందు కనిపించింది వరస. ఎదురెదురుగా రెండు వరసల ఇళ్లు, మధ్యలో శుభ్రంగా ఊడ్చిన వీధి, ఎర్రమట్టి పూసిన అరుగులు. ఇక్కడున్నది కోదులు. వాళ్ల భాష కువి. మనకి ఒక్క ముక్క అర్థం కాదు గానీ, కువి మన తెలుగుకి చుట్టమే. భాషాశాస్త్రవేత్తలు ఈ రెండింటినీ ద్రావిడ భాషల్లో ఒకే శాఖలో పెడతారు. లిపి, పుస్తకాలు మనకి దక్కాయి. ఆ చుట్టం కొండ మీద నోటిమాటగా బతికింది.

మధ్యాహ్నం గైడు వాళ్లమ్మ అడ్డాకులో సామల అన్నం, చిక్కుడు గింజల కూర పెట్టింది. తర్వాత చల్లటి చోడి అంబలి. చోడి అంటే రాగే. మనం మిల్లెట్ డైట్ అని డబ్బాల్లో కొనుక్కునేది వీళ్ల మామూలు భోజనం.

సాయంత్రం కుర్రాళ్లందరూ ఊరి పైన ఒక బండ దగ్గరికి నడిచారు. దాని పేరు సిగ్నల్ బండ! ఫోన్‌కి రెండు గీతలు వచ్చేది అక్కడే. ఒకడు కాలేజీ గ్రూపులో మెసేజీలు చూసుకుంటున్నాడు, ఒకమ్మాయి స్కాలర్‌షిప్ ఓటీపీ కోసం చెయ్యి పైకెత్తి నిలబడింది. గాలి దిశ మారితే సిగ్నల్ పోతుందని వాళ్లలో ఒక జోకు.

రాత్రి నెగడు దగ్గర కూర్చున్నప్పుడు చూరులో అడ్డంగా పెట్టిన పొడవాటి కర్ర కనిపించింది. ఎందుకని అడిగితే, "డోలీ కర్ర అన్నా" అన్నాడు గైడు. కర్రకి దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరూ వెనకొకరూ మోస్తారు. పోయిన వానాకాలం వాళ్లక్కకి నొప్పులొస్తే నలుగురు మార్చుకుంటూ మోశారట. గెడ్డ పొంగి ఉంది. నీళ్లు తగ్గేదాకా గట్టునే ఆగారు. బిడ్డ అక్కడే పుట్టింది. ఆ పాప మా పక్కనే, వాళ్లమ్మమ్మ ఒళ్లో నిద్రపోతోంది. ఇప్పుడు ఊళ్లో నెలలు నిండే ఆడవాళ్లని ముందుగానే కింద చుట్టాలింటికి పంపేస్తున్నారట.

మేం ఎక్కుతూ ఫొటోలు తీసుకున్న దారి, గెడ్డ... ఆ డోలీ దిగింది వాటి మీదే.

రోడ్డు మాటేమిటి? దారిలో రాళ్ల మీద సర్వే వాళ్ల రంగు గుర్తులు చూశాం. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో ఆదిమ గిరిజన తెగల ఊళ్లకి రోడ్లు వేయడం కూడా ఉంది. ఆ తెగల్లో కోదులూ ఉన్నారు. ఊళ్లో అందరికీ రోడ్డు కావాలి. కానీ ఒక పెద్దాయన అన్న మాట నన్ను ఆలోచనలో పడేసింది: "రోడ్డొస్తే అంబులెన్సు వస్తాది. దాని ఎనకాలే రిసార్టోళ్లూ వస్తారు." 1/70గా అందరికీ తెలిసిన 1970 నాటి చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడం కుదరదు. ఆ చట్టం గట్టిగా నిలబడితేనే రోడ్డు ఊరికి ఉపయోగం అన్నది ఆయన లెక్క.

మీరూ ఇలాంటి ఊరికి వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు. ఆ ఊరి మనిషి తోడు లేకుండా వెళ్లకండి, వాళ్ల రోజు కూలి తగ్గకుండా ఇవ్వండి. వానాకాలం వద్దు. మీ నీళ్లు మీరే మోసుకెళ్లండి, ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చేయండి. ఫొటోకి ముందు అడగండి, వద్దంటే వదిలేయండి. పిల్లలకి చాక్లెట్లు పంచే బదులు సంతలో వాళ్ల మిరియాలో, రాజ్మానో బేరం ఆడకుండా కొనండి. ఇరుకు బాటలో ఎవరైనా మోతతో ఎదురొస్తే మీరే పక్కకి తప్పుకోండి. వాళ్లకి కింద పని ఉంటుంది, చీకటి పడేలోపు మళ్లీ పైకి రావాలి.