చవితి పత్రి

భాద్రపద శుద్ధ చవితి. హోసూరు దగ్గరి ఒక పల్లెలో తెల్లవారేసరికే వాకిళ్ళన్నీ ముగ్గులతో కళకళలాడుతున్నాయి. ఆరవ తరగతి చదువుతున్న మనవడు సంతలో కొన్న పత్రికట్టను తెచ్చి అవ్వ ముందు పెట్టాడు. అవ్వ కట్ట విప్పి ఒక్కొక్క రెమ్మనే వేరు చేసింది. గరిక, మామిడి, జిల్లేడు తప్ప తక్కినదంతా ఏ గట్టున కోశారో తెలియని పిచ్చి ఆకే.

“కట్ట పెద్దదే నాయనా! పత్రి మాత్రం మూడే రకాలు. బుట్ట తీసుకో, పోదాం” అన్నది అవ్వ.

వినాయక చవితినాడు స్వామిని 21 రకాల ఆకులతో పూజిస్తారు. దీనిని ఏకవింశతి పత్రపూజ అంటారు. పూజలో ఆ ఆకుల పేర్లు సంస్కృతంలో వినిపిస్తాయి. మనవడు ప్రతి ఏటా వాటిని వింటూనే ఉన్నాడు. అవి ఎక్కడో కొండలలో, మునులకు మాత్రమే దొరికే ఆకులని అనుకునేవాడు. ఇంటి వెనుక కంచె దగ్గరికి పోగానే ఆ భ్రమ తొలగిపోయింది. అర్కమంటే జిల్లేడు. అపామార్గమంటే దారిన పోయేవారి బట్టలకు గింజలు అంటించే ఉత్తరేణి. బదరి అంటే రేగు, చూతమంటే మామిడి, దాడిమి అంటే దానిమ్మ, బిల్వమంటే మారేడు.

“ఇవన్నీ మన ఊరి చెట్లే గదా అవ్వా!”

“మరేమనుకున్నావు? మన నేల ఇచ్చినదే స్వామికి ఇస్తాం.”

జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు ఆకులను అవ్వ తానే కోసింది. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఉమ్మెత్త, గన్నేరు విషపు మొక్కలు. పూజకు వచ్చే ఆకులే అయినా వాటిని నోట పెట్టరాదని, కోసిన చేతులు కడుక్కోవాలని హెచ్చరించింది. ఏ మొక్క నుండీ రెండు రెమ్మలకు మించి తీయలేదు.

కాలువ గట్టున పచ్చగా పరుచుకున్న గరికను చూసి మనవడు “అరుగంపుల్లు!” అన్నాడు. బడిలో తోటి పిల్లలు పిలిచే తమిళపు పేరు అది. అవ్వ నవ్వింది.

“ఆ పేరూ మంచిదే. మన ఇంటి పేరు గరిక. రెండూ గుర్తు పెట్టుకో.”

నిజమే. ఒకే గడ్డిని కన్నడిగులు గరికె అంటారు, మరాఠీలు దూర్వా అంటారు, ఒడియావారు దూబ అంటారు. ఇరుగుపొరుగు పేర్లు నేర్చుకోవడం వల్ల నష్టం లేదు. ఇంట్లో ఎవరూ పలకకపోతే మాత్రం మన పేరు మరుగున పడిపోతుంది.

గరిక గురించి ఒక కథ ఉన్నది. లోకాన్ని దహిస్తున్న అనలాసురుణ్ణి వినాయకుడు మింగివేశాడట. కడుపులో పుట్టిన తాపం ఎన్ని ఉపచారాలు చేసినా చల్లారలేదు. చివరకు మునులు 21 గరికపోచలు ఉంచగా శాంతించిందట. నేలబారు గడ్డిపోచకు స్వామి పూజలో పెద్దపీట దక్కింది అందుకేనని పెద్దలు చెబుతారు. తులసి కథ వేరు. ఆమెకూ వినాయకునికీ ఒకరి శాపం ఒకరికి తగిలిందట. అందువల్ల తక్కిన రోజులలో ఆయనకు తులసిని పెట్టరు. ఈ ఒక్కనాడే పత్రిలో తులసికి చోటు దొరుకుతుంది.

ఊరి చివర జమ్మిచెట్టు ఉన్నది. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు ఆయుధాలు దాచినది ఈ జాతి చెట్టుమీదనే. కన్నడిగులు దీనిని బన్ని అంటారు. మైసూరులో దసరా ఊరేగింపు ముగిసే బన్నిమంటపానికి ఆ పేరు వచ్చింది ఈ చెట్టు వల్లనే.

పొద్దెక్కేసరికి బుట్టలో 17 రకాలు చేరాయి. దేవదారు హిమాలయాల చెట్టు; ఇక్కడ దొరకదు. మద్ది, దేవకాంచనం కనబడలేదు. వావిలి మాట ఎత్తగానే అవ్వ నిలబడిపోయింది. చెరువు పక్కన ఆమె ఏటా వావిలి కోసే చోట ఇళ్ళ స్థలాలకు హద్దురాళ్ళు పాతి ఉన్నాయి. పొద ఆనవాలు కూడా లేదు.

పూజ వేళకు మనవడే పత్రి అందించాడు. తాత సంస్కృతంలో పేరు చదివినప్పుడల్లా వాడు తెలుగు పేరు పలికి ఆకు చేతికిచ్చాడు. దొరకని నాలుగింటికి బదులుగా అక్షతలు వేశారు. “సింధువార పత్రం పూజయామి” అని తాత చదివినప్పుడు “వావిలి” అని మెల్లగా అని, వాడు అక్షతలే అందించాడు.

మరునాడు వాడు పక్క ఊరిలోని మేనమామ పొలానికి వెళ్ళి ఒక వావిలి కొమ్మ తెచ్చాడు. వావిలి కొమ్మ నాటినా బతుకుతుంది. నీళ్ళ తొట్టి దగ్గర గుంత తీసి నాటి, పక్కన ఒక పుల్ల గుచ్చి, దానికి చీటీ కట్టాడు. చీటీ మీద తెలుగులో ఒక్కటే మాట రాశాడు: వావిలి.