సుపేలా రంగులు, ఉక్కు మరకలు

భిలాయిలో జి.ఇ. రోడ్డు మీద ఉన్న సుపేలాకు ఆదివారం బజారు వల్ల పేరు వచ్చింది. అక్కడ పరచిన చీరలలో, చొక్కాలలో లేని రంగంటూ ఉండదు. ఆ రంగు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది మాత్రం కొన్నవారి ఇంటి నీళ్లతొట్టి దగ్గర తేలవలసిందే.

ఇది ఉక్కుతో బతికే ఊరు. సోవియట్ సహకారంతో కట్టిన కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో రగిలింది. ఉత్తరాంధ్ర నుంచి ఉపాధికై వచ్చిన తెలుగు కుటుంబాలెన్నో ఇక్కడే స్థిరపడ్డాయి. కార్మికుని దుస్తులకు గ్రీజు, చెమట, తుప్పు మూడూ అంటుతాయి. మూడింటికీ మందు ఒకటి కాదు.

గ్రీజు సంగతి సులభం. డిటర్జెంటు అణువుకు ఒక కొస నీటిని కోరుతుంది, రెండవ కొస జిడ్డును పట్టుకుంటుంది. అలా పట్టిన జిడ్డు నీటితో పాటు కొట్టుకుపోతుంది. సర్ఫ్ పొడి మన దేశపు బజారుకు వచ్చింది కూడా ఆ 1959లోనే. చౌకధరకు నిర్మా 1969లో మొదలైంది. చెమటలోని మాంసకృత్తులను ముక్కలు చేసేవి పొడిలోని ఎంజైములు. మరిగే నీళ్లు పోస్తే అవి పనికిరాకుండా పోతాయి.

తుప్పు దగ్గరే గృహిణులు మోసపోతారు. క్లోరిన్ బ్లీచి దానిని వదిలించదు సరికదా, మరింత గట్టిపరుస్తుంది. పైగా మరక రంగు ఏదో, చీర రంగు ఏదో బ్లీచికి తెలియదు, రెండింటినీ విరిచేస్తుంది. జీతంలో మిగిల్చి కొన్న చీర ఒక్క మూత ద్రావకానికి బలి అవుతుంది. తుప్పుకు తగినది నిమ్మరసం, ఉప్పు. నిమ్మలోని ఆమ్లం ఇనుమును పట్టి నీటిలో కరిగిస్తుంది. ముందు అంచు లోపలి వైపున పరీక్షించి, తరువాత బాగా జాడించాలి. బ్లీచితో ఆమ్లాన్ని ఎన్నడూ కలపరాదు, విషవాయువు వెలువడుతుంది.

రంగు బట్టలకు ఆక్సిజన్ బ్లీచి మేలు. నీటిలో అది హైడ్రోజన్ పెరాక్సైడును విడుదల చేస్తుంది. క్లోరిన్ అంత కటువు కాదు. కొన్ని పొడులలోని సెల్యులేజ్ అనే ఎంజైము నూలు మీది నూగును కత్తిరిస్తుంది. దానితో పాత రంగు మళ్లీ తేటగా కనిపిస్తుంది. ప్రకటనలు చెప్పే ‘మెరుపు’ చాలావరకు వేరు విద్య: కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని నీలికాంతిగా మార్చే రసాయనం అది. మురికి పోవడానికీ దానికీ సంబంధం లేదు. పట్టుకు కుంకుడు రసమే చాలు.

తెలుగు వంటింటి పసుపు మరక మరొక తమాషా. సబ్బు తగలగానే క్షారగుణం వల్ల ఎర్రబడుతుంది, చూసినవారు హడలిపోతారు. రంగు బట్టను తిరగేసి నీడన ఆరవేయాలి గాని, పసుపు అంటిన తెల్ల పంచెను మాత్రం ఎండలో వేయాలి. ఆ మరకను ఎండే విరుస్తుంది.